వాజ్‌పేయి ప్రభుత్వాన్ని కూల్చింది బాలయోగి కాదు

ఏప్రిల్ వస్తే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతుంది: "1999లో వాజ్‌పేయి ప్రభుత్వాన్ని ఒక్క ఓటుతో పడగొట్టింది మన అమలాపురం ఎంపీ, స్పీకర్ బాలయోగే. అదృష్టం కొద్దీ కుర్చీ దొరికింది. రూల్స్ తెలియక ముఖ్యమంత్రి గమాంగ్‌తో ఓటేయించాడు." మొన్న యానాం నుంచి వస్తూ, గౌతమి మీద బాలయోగి పేరే పెట్టిన వారధి దాటి ఎదుర్లంకలో టీకి ఆగాను. పక్కన కూర్చున్న కుర్రాడు ఇదే ఫోన్‌లో చూపించి "నిజమేనాండీ?" అన్నాడు. అది ఆయన పుట్టిన ఊరు. ప్రాణం ఉసూరుమంది.

ముందు 'రూల్స్ తెలియక' అన్న మాట. బాలయోగి లా చదివి 1980లో కాకినాడలో ప్రాక్టీసు పెట్టారు. 1985లో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఉద్యోగం వచ్చింది, దాన్ని వదులుకుని మళ్లీ నల్లకోటుకే వచ్చారు. అలాంటి మనిషికి రూల్స్ తెలియవంటే ఎలా?

ఇక అసలు సంగతి. ఏప్రిల్ 17న విశ్వాస తీర్మానానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270 ఓట్లు పడ్డాయి. ఫిబ్రవరిలోనే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గమాంగ్ ఎంపీ పదవికి రాజీనామా చేయలేదు. శాసనసభ సభ్యుడు కాకపోయినా ఆరు నెలల దాకా ముఖ్యమంత్రిగా ఉండొచ్చని రాజ్యాంగమే చెబుతోంది. ఆయన ఇంకా ఒడిశా అసెంబ్లీకి ఎన్నిక కాలేదు కాబట్టి రెండు సభల్లో ఉన్నట్టు కూడా కాదు. రాజీనామా చేయని ఎంపీని ఓటు వేయొద్దనే అధికారం స్పీకర్‌కి ఎక్కడిది? బాలయోగి ఆ నిర్ణయాన్ని గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు; కాంగ్రెస్ వాడైన గమాంగ్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. పార్టీ విప్ (ఇలా ఓటేయాలన్న ఆదేశం) కాదని వ్యతిరేకంగా ఓటేసిన నేషనల్ కాన్ఫరెన్స్ ఎంపీ సైఫుద్దీన్ సోజ్ పేరు మాత్రం ఆ మెసేజ్‌లో కనపడదు.

స్పీకర్ తానే ఓటు వేశారని కూడా కొందరు రాస్తున్నారు. అది పచ్చి అబద్ధం. రెండు పక్షాలకీ ఓట్లు సమానమైతేనే స్పీకర్‌కి ఓటు. ఆ రోజు సమానం కాలేదు. ఆయన పార్టీ తెలుగుదేశం వాజ్‌పేయి వైపే ఉంది. తన పక్షం ఓడిపోతుందని తెలిసే అవకాశం ఉన్నా రూల్ తప్పని మనిషిని పట్టుకుని ద్రోహి అంటున్నాం.

పదవి అదృష్టం కొద్దీ వచ్చిందా? 1998లో తెలుగుదేశం మద్దతు అవసరం కాబట్టి ఆ పార్టీకి స్పీకర్ పదవి వచ్చింది, అది నిజమే. కానీ అప్పటికే ఆయన 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ ఛైర్మన్‌గా, 1991లో ఎంపీగా, తర్వాత రాష్ట్ర మంత్రిగా చేశారు. లోక్‌సభకు తొలి దళిత స్పీకర్ అయిన మనిషిని రోడ్డు మీద దొరికిన పేరులా మాట్లాడితే నాకు కోపం వస్తుంది.

ఆ కుర్రాడికి చివరగా ఒక్క సంగతి చెప్పాను. ఎన్నికలు జరిగి వాజ్‌పేయే మళ్లీ ప్రధాని అయ్యాక, 1999 అక్టోబరు 22న కొత్త లోక్‌సభ బాలయోగినే మళ్లీ స్పీకర్‌గా ఎన్నుకుంది.