వరాహానికి వరహాల హారతి

టెక్సాస్‌లో స్థిరపడిన తెలుగువాడికి రాత్రివేటలో ప్రత్యేక శిక్షణ అక్కరలేదని నా దృఢాభిప్రాయం. అర్ధరాత్రి దాటాక కూడా హైదరాబాద్ ఆఫీసు వాళ్ల కోసం మేలుకొని, చీకటిగదిలో వెలిగే తెర వంక కన్నార్పకుండా చూస్తూ కూర్చోవడం మనకు ఇరవై ఏళ్ల అలవాటు. ఆ తెరను తీసి తుపాకీకి బిగిస్తే అదే వేట.

ఇక్కడి రైతుకు అడవిపంది పెద్ద పీడ. పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు ఈ ఖండానికి తెచ్చిన పందులు కొన్ని, తరువాతి కాలంలో వేటగాళ్లే సరదాకు తెచ్చి వదిలినవి కొన్ని కలిసి, ఒక్క టెక్సాస్‌లోనే 20 లక్షలు దాటాయని అంచనా. తెల్లారేసరికి చేనంతా నాగలి పెట్టినట్టు పెళ్లగించి పోతాయి. అందుకే చట్టం ధారాళంగా ఉంది. డబ్బు కట్టి హెలికాప్టర్ ఎక్కి కాల్చుకోవచ్చని 2011లో అన్నారు. వేడిగాలి బెలూన్‌లోంచి కూడా కాల్చుకోవచ్చని 2017లో అన్నారు. బెలూన్‌కు స్టీరింగు ఉండదు, పంది ఎటు పోయినా మనం గాలివాటున పోవాలి. ఇంత దూరదృష్టి గల శాసనాన్ని నేను మరెక్కడా చూడలేదు. 2019 నుంచి భూమి యజమాని అనుమతి ఉంటే చాలు, పందిని కాల్చడానికి వేట లైసెన్సు కూడా అక్కరలేదు.

మన హెచ్-1బి సోదరులకు మాత్రం కావాలి. ఆ వీసాదారుడు తుపాకీ ముట్టరాదని కేంద్ర చట్టం. వేట లైసెన్సు ఉన్నవాడు ముట్టవచ్చని అందులోనే మినహాయింపు. అంటే పందికి అక్కరలేని లైసెన్సు తుపాకీకి కావాలి. గ్రీన్‌కార్డు కోసం పిల్లల పెళ్లిళ్ల దాకా ఎదురుచూడాల్సిన దేశంలో, ఆయుధం పట్టే యోగ్యత ఇంత సులువుగా దొరకడం మన అదృష్టం.

ఇక పరికరం సంగతి. నైట్ విజన్ వేరు, థర్మల్ వేరు. మొదటిది చుక్కల వెలుతురును పట్టి, ఎలక్ట్రాన్లుగా మార్చి, వేల రెట్లు పెంచి పచ్చటి తెర మీద చూపిస్తుంది. రెండోదానికి వెలుతురుతో పనిలేదు, ఒంట్లో వేడి ఉంటే చాలు. నేను మూడు వేల డాలర్లు పోసి రెండో రకం స్కోపు, అంటే తుపాకీకి బిగించే దుర్భిణి, కొన్నాను. తొలి రాత్రి చలికి ట్రక్కు అద్దాలన్నీ ఎక్కించి స్కోపు కంటికి పెట్టుకోగానే, ఎదురుగా తెల్లగా మెరుస్తూ బాగా బలిసిన ఆకారం. కదలకుండా ఉండిపోయాను. అదీ కదలలేదు. థర్మల్ చూపు గాజును దాటదనీ, గాజు నా వేడినే నాకు తిప్పి చూపుతోందనీ తెలుసుకోవడానికి కాసేపు పట్టింది. స్కోపును అప్పటికింకా తుపాకీకి బిగించలేదు కనుక ఈ వ్యాసం రాయగలుగుతున్నాను.

మర్నాడు పగలు గురి సరిచేసుకున్నాం. కాగితం మీది చుక్కలో వేడి ఉండదు కాబట్టి థర్మల్‌కు కనబడదు. అందుకని చలికి చేతులు వెచ్చబెట్టుకునే పొట్లాన్ని అట్టకు అతికించి కాల్చాం. నేటి వరకు నేను నిస్సందేహంగా వధించింది ఆ పొట్లాన్నే. నేర్పించిన పెద్దాయన చెప్పినదాంట్లో ముప్పాతిక వంతు కాల్చకపోవడం గురించే: దూరంలో దూడ, కుక్క, పొరుగు రైతు, పంది అందరూ తెల్లటి ముద్దలే, ముద్ద ఏమిటో, దాని వెనుక ఏముందో తేలకుండా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. ఇది మాత్రం నేను వెటకారానికి చెప్పడం లేదు.

పంది చూపు అంతంతమాత్రం. దాని బలమంతా ముక్కులో ఉంది. మరి మూడు వేల డాలర్లు మన కంటికి ఖర్చుపెట్టాం గానీ, దాని ముక్కుకు ఏం చేశాం? నేను ఆవకాయ అన్నం తిని, నా మీదుగా గాలి, పందులకు ఎరగా మొక్కజొన్న పోసిన చోటికి వీచేలా కూర్చున్నాను. మంద పొద్దుపోయాక వచ్చింది, ఆగింది, మూతులు పైకెత్తింది, వెళ్లిపోయింది.

ఇలాగైతే పందులు తగ్గేదెలా అని గిట్టనివాళ్లు అడుగుతారు. ఏటా మూడింట రెండు వంతులను తొలగిస్తే తప్ప సంఖ్య నిలకడగా కూడా ఉండదని నిపుణుల లెక్క. నిజంగానే తగ్గిపోతే హెలికాప్టర్ వాడి గతేమిటి? వేటకు రాత్రికింతని వసూలు చేసే భూస్వామి ఏమైపోవాలి? మిస్సోరీ వాళ్లకు ఈ సూక్ష్మం బోధపడలేదు. తుపాకీ మోతకు మంద చెదిరి కొత్త పొలాల మీద పడుతోందని, మందను మందగా బోనులో పట్టడమే మేలని, 2016లో తమ వన్యసంరక్షణ శాఖ భూముల్లో పందుల వేటనే నిషేధించారు. బొత్తిగా రసికత లేని రాష్ట్రం.

ఊళ్లో నాన్నకు ఫోన్ చేసి ఇదంతా వర్ణించాను. ఆయన వేరుశనగ చేనుకూ పందుల బెడద ఉంది.

"ఎంత పెట్టావురా దానికి?"

చెప్పాను. అవతల కాసేపు మాట లేదు.

"మేం గట్టు చుట్టూ పాత చీరలు కడుతున్నాం నాన్నా. కొన్నాళ్లు భయపడతాయి. కోడలి దగ్గర పాతవి నాలుగుంటే కట్టి చూడు."

ఫోను స్పీకర్‌లో ఉందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. మా ఆవిడ మారు మాట్లాడకుండా లోపలికి వెళ్లింది. బీరువాకు తాళం పడిన చప్పుడు వినిపించింది.