పదమూడు ముక్కల బల్ల గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పేకాట బల్ల గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మన టౌన్ హాలు క్లబ్బును బాగు చేసి ఊరందరికీ తెరవాలని కమిటీ వేసుకున్న సంగతి మీ చెవిన పడే ఉంటుంది. మీ చుట్టూ కూర్చునేవాళ్లకు తెలియకుండా ఈ ఊళ్లో ఏం జరిగింది గనక! మొదటి మీటింగులో గోడల గురించీ, కప్పు గురించీ గంటసేపు చెప్పి, సందేహాలుంటే అడగమంటే వచ్చిన ప్రశ్న ఒక్కటే: "అదంతా సరేగానీ, బల్లలు ఎక్కడ వేస్తారు?" అందుకే ఈ ఉత్తరం నేరుగా మీకే రాస్తున్నాను.

మీ సేవను తక్కువ చేయను. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు 1890లో టౌన్ హాలు కట్టించింది నలుగురూ కూడి మంచీ చెడూ మాట్లాడుకోవడానికి. మన హాలు కట్టిన పెద్దలూ ఆ ఉద్దేశంతోనే కట్టి ఉంటారు. ఉపన్యాసాలు ఆగిపోయాయి, పద్యనాటకాలు పరిషత్తు పోటీలకే పరిమితమయ్యాయి, రీడింగ్ రూములో పేపర్లు సెల్‌ఫోన్లోకి వెళ్లిపోయాయి. మీరు మాత్రం కదల్లేదు. కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం మీ సీటింగు చార్జీల్లోంచే వెళ్లాయి. బయట జెండాలు పట్టుకుని కొట్టుకునే రెండు పార్టీలవాళ్లు మీ దగ్గర ఒకే సిగరెట్టు పెట్టె పంచుకుంటారు. కులమేమిటని మీరు ఎవరినీ అడగలేదు, చేతిలో డబ్బుందా అనే చూశారు. ఈపాటి సమానత్వం మన ఊళ్లో ఇంకెక్కడా లేదు.

కాకపోతే ఊళ్లో సగం మంది మీ లెక్కలోకి రారు. ఆడవాళ్లు క్లబ్బు మెట్ల దాకా రాలేదని కాదు, వచ్చారు. మొగుణ్ణి భోజనానికి పిలవడానికి మాత్రం కాదు, నిలదీయడానికి.

1878లో పెట్టిన సికింద్రాబాద్ క్లబ్బు పాత భవనం 2022 జనవరిలో కాలిపోతే టీవీలో చూసి అందరం అయ్యో అన్నాం. అన్నవాళ్లలో దాని గేటు దాటినవాళ్లు ఎందరు? మన హాలుకు అలాంటి గేటూ లేదు, డ్రెస్ కోడూ లేదు. మీరున్నారు, చాలు.

మీకున్న న్యాయబలం ఈ భవనానికి లేదు. 1963లో సికింద్రాబాద్‌లో ఒక రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు పడితే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది పట్టాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆటేనని 1967లో కోర్టు చెప్పింది. మీ సభ్యులకు ఇంతవరకూ కంఠతా వచ్చు. ఆటమీద క్లబ్బు లాభం చేసుకుంటే నేరమేనన్న ముక్క దగ్గరికొస్తే అందరికీ మతిమరుపు. తర్వాత 2017లో తెలంగాణ చట్టం సవరించి, డబ్బు పెట్టి ఆడే రమ్మీని ఆన్‌లైన్‌తో సహా నిషేధించింది; 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా చట్టం సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని నిషేధించింది. అప్పట్నుంచి మీ దగ్గర డబ్బు కనిపించదు. "పాయింట్లు" మాత్రమే. ఆ పాయింట్లు పోయినవాళ్లు ఇంటికి ఎందుకంత ఆలస్యంగా వెళతారో!

ఇక కప్పు సంగతి. అది మద్రాసు టెర్రస్: టేకు దూలాలు, వాటిమీద నిలబెట్టి పేర్చిన పలచని ఇటుక, ఆ పైన బెల్లం, కరక్కాయ నీళ్లు పోసి చేసిన డంగు సున్నం. లైబ్రరీ బీరువా తడిసినన్నాళ్లు ఎవరూ పలకలేదు. ఒక రాత్రి సరిగ్గా మీ మీదే చుక్క పడి, షో చెప్పబోతున్న ఆయన ముక్కలు తడిసేసరికి, తెల్లారేలోగా చందాలు పోగై పైన సిమెంటు పూత పడింది. సున్నం చెమ్మను పీల్చి వదులుతుంది, సిమెంటు దాన్ని వదలనివ్వదు. లోపలే ఉండిపోయిన చెమ్మకు దూలాల చివర్లు పుచ్చిపోయాయి. ఇప్పుడా సిమెంటు చెక్కాలి, పుచ్చినంత మేర కోసి కొత్త టేకు అతకాలి, సున్నం నానబెట్టాలి. నెలల పని. కాంట్రాక్టరు మాత్రం "ఎందుకండీ ఇదంతా, పడగొట్టి స్లాబు వేసేద్దాం, కింద షాపులొస్తాయి" అన్నాడు. కమిటీలో కొందరి కళ్లు మెరవడం నేను చూశాను.

మీకు వెనక వరండా గది ఇస్తున్నాం, సాయంత్రం 6 నుంచి 9 దాకా. పాయింట్లు కాగితం మీదే ఉండాలి. ముందు హాలు పొద్దున గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలది, మధ్యాహ్నం డ్వాక్రా సంఘాలది, ఆదివారం నాటకం రిహార్సల్స్‌ది. డ్వాక్రా వాళ్లకు టీ ఎవరు అందిస్తారని మీ సభ్యులు ఆరా తీశారట. మీకు అందించే కుర్రాడే.

ఇన్నేళ్ల భవనంలో ఆడవాళ్లకు బాత్రూము లేదు. ఎస్టిమేటులో మొదటి పద్దు అదే రాయించాను. "హెరిటేజ్ దెబ్బతింటుందేమో" అని కమిటీలో ఒక పెద్దాయన బెంగపడ్డారు. ఆ హెరిటేజ్ గోడకే మేకులు కొట్టి మీ స్కోరుబోర్డు తగిలించిందీ ఆయనే.

ఇట్లు,
టౌన్ హాలు కమిటీలో ఒకడు

తా.క.: మీ పొట్టి కాలు కింద జోకరు ముక్కలు మడిచి పెట్టి ఉన్నాయి. దూలాల పనికి వడ్రంగి ఎలాగూ వస్తున్నాడు, ఆ కాలు కూడా చూడమంటాను. ఖర్చు మీ సభ్యులే పెట్టుకోవాలి.