సవరణ: కొబ్బరితోటలోని వడ్రంగి పిట్ట

అమలాపురం దగ్గర కొబ్బరితోటలో తీసిన ఫొటో కింద మొన్నటి పోస్టులో ‘అడవి వడ్రంగి పిట్ట’ అని ఉంది. ఆ పక్షి అది కాదు, కోనసీమ తోటల్లో తరచూ కనిపించే నల్లనడుము వడ్రంగి పిట్ట. రెండింటి వీపూ బంగారు రంగే, మగవాటి తలపై ఎర్ర జుట్టు ఉంటుంది కాబట్టి తికమక సహజం. ఎగిరేటప్పుడు తోక మొదట్లో, అంటే నడుము దగ్గర, రంగు చూడండి: తూర్పు కనుమల అడవుల్లో ఉండే పెద్ద జాతికి, అంటే అడవి వడ్రంగి పిట్టకు, అక్కడ ఎరుపు, దీనికి నలుపు. గొంతు కూడా నల్లగా, తెల్లచారలతో ఉంటుంది. ఆడపిట్టకు నుదుటి దగ్గర ఎరుపు ఉండదు, నలుపు మీద తెల్లచుక్కలే.

ఇంకొకటి. దీన్ని చూసి చెట్టు పాడవుతుందని కొందరు రైతులు టెన్షన్ పడుతున్నారు. ఇది వెతికేది ముఖ్యంగా చీమలు, పురుగుల కోసం. దయచేసి తరమకండి. ఇది వదిలేసిన తొర్రల్లో గోరింకలు, చిలుకలు కూడా గూడు పెట్టుకుంటాయి.