బోదెకు ఒక జట్టు

ధవళేశ్వరం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక, రెండో హెచ్చరిక, నది మధ్యనున్న లంక గ్రామాలకు నిలిచిన రాకపోకలు. గోదావరి డెల్టాలో వానకాలపు వార్తలు ఏటా ఇదే వరుసలో వస్తాయి. 1986 ఆగస్టులో బ్యారేజీ మీదుగా 35 లక్షల క్యూసెక్కులు, 2022 జూలైలో 25 లక్షలకు పైగా ప్రవహించిన సంగతి ఇక్కడి పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ప్రతి వరద తర్వాతా మనం పరిహారం గురించి, గట్ల ఎత్తు గురించి మాట్లాడుకుంటాం. పది నుంచి ఇరవై ఇళ్లు కలిసి ముందుగానే ఒక జట్టుగా ఏర్పడి ఉంటే ఆ వారం రోజులు ఎలా గడిచేవన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేసుకోరు. డెల్టాలో ప్రతి బోదెకు, అంటే పొలాలకు నీరు తెచ్చే ప్రతి పిల్ల కాలువకు, ప్రతి చిన్న మురుగు కాలువకు అలాంటి జట్టు ఒకటి ఉండి తీరాలని నా అభిప్రాయం.

సంఖ్య అంత చిన్నదిగా ఎందుకుండాలంటే, ఎగువన భద్రాచలం దగ్గర నీరు మొదటి హెచ్చరిక స్థాయి అయిన 43 అడుగులు దాటిందని తెలిశాక ఆ నీరు మన దాకా రావడానికి ఒక రోజు అటూ ఇటూ పడుతుంది. ఏ ఇంట్లో మంచాన పడిన ముసలమ్మ ఉంది, ఏ ఇంట్లో నెలలు నిండిన ఆడపిల్ల పుట్టింటికి వచ్చి ఉంది, ఎవరి పాకలో చూడి గేదె ఉంది అన్న లెక్క ఆ ఒక్క రోజులో మండల కార్యాలయం తీయలేదు. పక్కనున్న పదిహేను ఇళ్లకు ఆ లెక్క అప్పటికే నోటికి వచ్చి ఉంటుంది. లంకల్లో చాలామంది ఇల్లు కదలకపోవడానికి పశువులే కారణం. పునరావాస కేంద్రంలో మనిషికి భోజనం పెడతారు గాని గేదెకు గడ్డి ఎవరు వేస్తారన్నది వాళ్ల మొదటి బెంగ. ఏటిగట్టుకు ఇవతల మెరక మీదున్న ఒక జట్టు వేసవిలోనే రెండు వాముల ఎండుగడ్డి దాచి, లంకలో ఉన్న జట్టుతో ముందే మాట అనుకుంటే ఆ బెంగ చాలావరకు తీరుతుంది. ఒక నావ, దాన్ని నడపగల ఇద్దరు మనుషులు, నాలుగు మోకులు, ఒక ఆయిల్ ఇంజను, కొన్ని బస్తాల బియ్యం పదిహేను ఇళ్లు కలిసి సమకూర్చుకోలేనివి కావు.

అయితే వరద ఏడాదికి కొన్ని రోజులే. డెల్టా రైతును ఏడాది పొడవునా తినేసేది మురుగు, అంటే చేలోంచి బయటికి పోలేక నిలిచిపోయే నీరు. సార్వా (ఖరీఫ్ వరి) నాట్లు పడిన వారానికే నాలుగు రోజులు వాన పట్టి, గుర్రపు డెక్క పేరుకున్న కాలువ నీరు లాగకపోతే నారు అక్కడికక్కడే కుళ్లిపోతుంది. 1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చినప్పుడు రాష్ట్రమంతటా పదివేలకు పైగా సంఘాలు ఏర్పడ్డాయి. ఆ ఆలోచన మంచిదే. కానీ వందలు, వేల ఎకరాల మీద ఒక సంఘం, దానికి ఎన్నిక, ఎన్నిక చుట్టూ పార్టీలు, పనుల చుట్టూ బిల్లులు చేరేసరికి పూడికతీత కాంట్రాక్టరు పనిగా మిగిలిపోయింది. 2011లో కోనసీమ రైతులు సార్వా మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు దేశమంతా ఇటు చూసింది. గిట్టుబాటు ధరతో పాటు మురుగు సమస్య కూడా వాళ్ల ఆవేదనలో ఉంది. పంట మానడానికి అంత కట్టుగా కలిసిన ఊళ్లు తమ పొలం ముందున్న కాలువ బాగు చేసుకోవడానికి కలిసి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

కలవడం మనకు చేతకాదని అనేవారు నాట్ల ముఠాను ఒక్కసారి దగ్గర నిలబడి చూడాలి. పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు ఎకరానికి ఇంతని గుత్తకు మాట్లాడుకుంటారు, తెల్లవారకుండానే చేలో దిగుతారు, ఒకరికి జ్వరం వస్తే ఆ ఇంటి నుంచి మరొకరు వస్తారు, వచ్చిన డబ్బు అందరి ఎదుటా లెక్కపెట్టి పంచుకుంటారు. రిజిస్ట్రేషను, అధ్యక్షురాలు, తీర్మానాల పుస్తకం ఏదీ లేకుండానే డెల్టా వరి ఏటా వాళ్ల చేతుల మీదుగా నిలబడుతోంది. లెక్క గట్టు మీదే తేలిపోవడం, మోసం చేసిన మనిషి మర్నాడు అదే గట్టు మీద అందరికీ ఎదురుపడాల్సి రావడం, ఈ రెండే దాని బలం. పొదుపు సంఘాలకు కూడా మొదట్లో ఇదే బలం ఉండేది. బ్యాంకు అప్పులకు, పథకాలకు అవి గొట్టాలుగా మారిన కొద్దీ సమావేశం కాస్తా వాయిదా కట్టే రోజు అయింది. కాబట్టి జట్టు మొదటి రెండేళ్లు ఏ గ్రాంటూ ముట్టకూడదంటాను. పెరిగి పెద్దదై రిజిస్టరు కావాలనుకుంటే, ప్రభుత్వ వాటా ధనం లేకుండా సభ్యుల డబ్బుతోనే నడిచే వీలు కల్పించిన 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉండనే ఉంది.

జనమే తమ పనులు చేసుకుంటే ప్రభుత్వం బాధ్యత నుంచి తప్పుకుంటుందని కొందరు మిత్రులు అంటారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. గట్లు, లాకులు, పెద్ద మురుగు కాలువలు ప్రభుత్వమే చూడాలి. అయితే విడివిడిగా అర్జీలు పట్టుకుని తిరిగే రైతుల కంటే, ఏ రోజు ఎంత నీరు నిలిచిందో, ఎన్ని ఎకరాలు పోయాయో తేదీలతో రాసిపెట్టుకున్న జట్టు అడిగితే అధికారి సమాధానం చెప్పక తప్పదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే విషయం. ఆ జట్టులో ఎవరుంటారు? డెల్టాలో చాలా పొలాలు ఈనాడు కౌలుదారుల చేతుల్లో ఉన్నాయి. సాగునీటి సంఘం ఓటు భూయజమానికి, రికార్డుల్లోకి ఎక్కిన కౌలుదారుకు మాత్రమే దక్కుతుంది. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కింద పత్రం కావాలంటే యజమాని సంతకం కావాలి, చాలామంది యజమానులు ఆ సంతకం పెట్టరు. అందువల్ల నీట మునిగిన పంట ఒకరిది, పరిహారం పడే ఖాతా మరొకరిది అవుతోంది. సార్వా మొత్తం పోయినా కౌలు బస్తాలు మాత్రం కొలవాల్సి వస్తోంది. మెరక మీద యజమానుల ఇళ్లు, పల్లంలో కౌలుదారుల, కూలీల పేటలు ఉండే మన ఊళ్లలో కాలువ పూడితే ముందు మునిగేది ఆ పేటే. వాళ్లను బయట ఉంచి కట్టిన జట్టు మరో ఆసాముల సంఘమే అవుతుంది, అలాంటివి మనకు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి.

అందుకే వేసవిలో కాలువలు కట్టేసి బోదెలు ఎండిన రోజుల్లో, తలా ఒక రోజు పని వంతు వేసుకుని గుర్రపు డెక్క తీసేటప్పుడే జట్టు పుస్తకం తెరవాలి. భూమి ఎవరి పేరున ఉందన్నది పక్కన పెట్టి ఈ ఏడు ఆ చెక్కలో నాగలి పెట్టేది ఎవరో వాళ్ల పేరే అందులో మొదట రాయాలి, దాని కింద పదిహేను ఇళ్లవాళ్లూ సాక్షులుగా సంతకాలు చేయాలి. ఆ పుస్తకానికి చట్టంలో విలువ లేకపోవచ్చు. పంట నష్టం రాసుకోవడానికి ఉద్యోగి గట్టు మీదికి వచ్చిన రోజున, ఆ పదిహేను మందీ పుస్తకం పట్టుకుని కౌలుదారు పక్కన నిలబడి ఉండాలి.