పేషెంట్ తాలూకు ఎవరు?

ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీలో రాత్రిపూట ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇది. "పేషెంట్ తాలూకు ఎవరున్నరు?" చీటీ రాయించడానికి, స్ట్రెచర్ తోయడానికి, రక్తం శాంపిల్ ల్యాబ్‌కు చేర్చడానికి, ఎక్స్‌రే తెచ్చి డాక్టర్‌కు చూపించడానికి, అర్ధరాత్రి సెలైన్ అయిపోతే సిస్టర్‌ను పిలవడానికి ఒక మనిషి కావాలి. మూడేళ్ల కింద జనవరిలో ఒక రాత్రి కాజీపేట స్టేషన్ రోడ్డు నుంచి ఒక పెద్దాయనను 108లో తీసుకెళ్లినప్పుడు ఆ ప్రశ్న నాకు ఎదురైంది. ఆయన కాలికి పుండు, అందులో పురుగులు. సిస్టర్ పేరు అడిగింది. నాకు తెలియదు. ఊరు అడిగింది. తెలియదు. "మరి మీరు ఆయనకు ఏమైతరు?" అంది.

అప్పటికి ఏడెనిమిది నెలలుగా ప్రతి ఆదివారం ఆయనకు అన్నం పొట్లం ఇస్తున్నాను. ముప్ఫై పొట్లాలు ఇచ్చి ఉంటాను. ఒక్కసారి కూడా పేరు అడగలేదు.

నేను కాజీపేటలో పుట్టి పెరిగిన క్రైస్తవుణ్ణి. ఈ పనికి నన్ను ఇంట్లోంచి కదిలించింది నా విశ్వాసమే, అది దాచుకోవలసిన సంగతి కాదు. వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడు ఊళ్లలోనూ రోడ్డు మీద బతికేవాళ్ల దగ్గరికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఏదో ఒక భక్తితో వెళ్లేవాళ్లే. మాకు చాలామందికి ఇవ్వడం వచ్చింది కానీ తోడు ఉండడం రాలేదు. రోడ్డు మీది మనిషికి ఇప్పుడు అన్నం కన్నా పెద్ద కరువు అదే అని నా నమ్మకం.

అన్నం సంగతే చూడండి. సోమవారం శివాలయాల దగ్గర, మంగళవారం హనుమంతుడి గుడి దగ్గర, గురువారం సాయిబాబా గుడి దగ్గరా దర్గా దగ్గరా, శుక్రవారం మసీదు బయట, శనివారం వేంకటేశ్వరస్వామి గుడి దగ్గర ఏదో ఒకటి దొరుకుతుంది. ఆదివారం మేము. బుధవారం ఎవరి లెక్కలోనూ పెద్దగా ఉండదు. శనివారం ఒకే మనిషి చేతికి నాలుగు పులిహోర పొట్లాలు రావడం, ఎండాకాలంలో అందులో రెండు సాయంత్రానికే పాసిపోవడం చూశాను. అవే రెండు పొట్లాలు బుధవారం దొరికితే ఎంత బాగుండును. పంచేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఎవరి మొక్కు వాళ్లది, ఎవరి వారం వాళ్లది.

ఇంకో సంగతి తెలియడానికి నాకు ఏడాది పట్టింది. స్టేషన్ పరిసరాల్లో పడుకునే ఆడవాళ్లలో కొందరు రాత్రి మేమిచ్చే అన్నం తినేవాళ్లు కాదు, పక్కన పెట్టేవాళ్లు. రుచి నచ్చలేదేమో అనుకున్నాను. చివరికి మా అక్క వెళ్లి వాళ్ల పక్కన కూర్చుని మాట్లాడితే అసలు సంగతి చెప్పారు. రాత్రి తింటే, నీళ్లు తాగితే బయటికి వెళ్లాల్సి వస్తుంది. చీకట్లో ఎక్కడికి వెళ్తారు? తెరిచి ఉన్న బాత్రూం లేదు, ఉన్నా డబ్బులడుగుతారు, దారిలో తాగినవాళ్లుంటారు. అందుకని పొద్దున దాకా ఆకలితోనే పడుకుంటారు. ఆ అన్నం మేం పొద్దున ఆరింటికి తెచ్చి ఉంటే తినేవాళ్లు. దానికి అడిగే మనిషి కావాలి, కూర్చునే టైం కావాలి. బండి ఆపి పొట్లం చేతిలో పెట్టి పది నిమిషాల్లో నలభైమందిని ముగించే పద్ధతిలో అది ఎప్పటికీ తెలియదు. దుప్పట్లూ అంతే. డిసెంబరులో పంచుతాం. పగలు దాన్ని ఎక్కడ దాచుకోవాలో ఎవరం ఆలోచించం.

2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి ఒక్క రాత్రిలో లెక్కించారు. దేశమంతా కలిపి సుమారు 17.7 లక్షల మంది. ఆ లెక్కలో ఇల్లు లేనివాళ్లంటే ఎవరో చెప్పే నిర్వచనం చదివితే మనసు కలుక్కుమంటుంది. రోడ్డు పక్కన, పేవ్‌మెంట్ మీద, పెద్ద పైపుల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, రైల్వే ప్లాట్‌ఫారం మీద, ఆరుబయట ప్రార్థనా స్థలాల్లో, మండపాల్లో ఉండేవాళ్లు అని రాశారు. ప్రభుత్వ నిర్వచనంలోనే గుడి, మసీదు, చర్చి ఉన్నాయి. వాళ్లు మన గడప ముందే పడుకుంటున్నారు, మనం వాళ్లను దాటుకునే లోపలికి వెళ్తున్నాం.

మా చర్చి సంఘం సంగతి కూడా చెప్పాలి. మొదట్లో మా పొట్లంతో పాటు ఒక కరపత్రం ఉండేది. ఒక రోజు హన్మకొండ బస్టాండ్ దగ్గర ఒక అవ్వ కాగితం చేతిలో పట్టుకుని అమాయకంగా అడిగింది, "ఇది తీసుకుంటెనే అన్నమిస్తరా, బిడ్డా?" అని. అట్లేం లేదవ్వా అన్నాను. కానీ ఆమె వైపు నుంచి చూస్తే ఆ రెండూ ఒకే చేతిలోంచి వచ్చాయి. ఆకలి మీదున్న మనిషి దేనికైనా సరే అంటాడు. ఆ సరే విని మనం సంతోషపడడం తప్పు. మరుసటి వారం నుంచి కరపత్రం మానేశాం. సంఘంలో కొందరికి ఇది నచ్చలేదు. "సువార్త చెప్పకపోతే మనకూ ఎన్జీవోకూ తేడా ఏముంది?" అని అడిగారు. ఆ ప్రశ్న తేలిగ్గా తీసేయదగ్గది కాదు. నేను ఎవరినో, ఎందుకు వచ్చానో అడిగితే చెప్తాను. ప్రార్థన చేయమని అడిగితే పక్కన కూర్చుని చేస్తాను. అడగకపోతే ఆ మాట ఎత్తను.

బయటి అనుమానం వేరే. మతం మార్చడానికే తిరుగుతున్నారని మమ్మల్ని మొహం మీదే అన్నవాళ్లున్నారు. బాధేసింది. వాళ్లలో ఒక రిటైర్డ్ తెలుగు టీచర్‌ను, మీరే ఒక రాత్రి మాతో వచ్చి చూడండి సార్ అని పిలిచాను. వచ్చారు. ఇప్పటికీ వస్తున్నారు. మా కుర్రాళ్లు ఫోన్లతో వీడియోలు తీస్తుంటే ఆపించింది ఆయనే. తైత్తిరీయ ఉపనిషత్తులో దానం గురించి "హ్రియా దేయం" అని ఉందట, సిగ్గుతో ఇవ్వాలని. ఆ తర్వాత "సంవిదా దేయం", ఎవరికి, ఎందుకు ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలని. కుడిచెయ్యి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట మా మత్తయి సువార్తలో ఉంది, అదే మాట ప్రవక్త ముహమ్మద్ హదీసుల్లోనూ ఉంది. ఇన్నిచోట్ల చెప్పినా మనం మాత్రం అన్నం తీసుకునే మనిషి మొహాన్ని ఫేస్‌బుక్‌లో పెడుతున్నాం. ఆ మనిషి కూతురు ఆ ఫొటో చూస్తే ఎట్లా ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించాలి.

తోడు అంటే ఏమిటో మన ఉత్తర తెలంగాణలోనే ఒక పాత ఉదాహరణ ఉంది. 1907లో స్కాట్లాండ్ నుంచి ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ భర్తతో కలిసి మిషనరీగా హైదరాబాద్ సంస్థానానికి వచ్చారు. కుష్ఠు వచ్చినవాళ్లను ఊళ్లోంచి వెళ్లగొడితే వాళ్లు దారి పక్కన అడుక్కుని బతికే కాలం అది. వాళ్లకు గింజలో పైసలో ఇచ్చి సాగిపోవడం అప్పటికీ ఉన్న ధర్మమే. ఆమె అక్కడితో ఆగలేదు. మొదట నిజామాబాద్‌లో చిన్న ఆశ్రయం పెడితే అది చాలలేదు. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత డబ్బిచ్చారు. 1915 నాటికి డిచ్‌పల్లిలో ఆసుపత్రి వచ్చింది. ఆ రోజుల్లో కుష్ఠుకు చాల్‌మోగ్రా జాతి నూనె ఇంజెక్షన్లే మందు. నొప్పి ఎక్కువ, నెలల తరబడి మళ్లీ మళ్లీ వేయాలి. రోగి తిరిగి రావాలి, డాక్టర్ అక్కడే ఉండాలి. 1932లో చనిపోయేదాకా ఆమె ఆ పని వదల్లేదు. మిషనరీ ఆమె, దాత ఇంకో మతం మనిషి. ఒకరి భక్తి ఇంకొకరికి అడ్డం రాలేదు.

బైబిల్లోని మంచి సమరయుని కథ చిన్నప్పటి నుంచి ఆదివారం బడిలో విన్నదే. దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాడికి నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడని మాత్రమే నాకు గుర్తుండేది. ఆ రాత్రి ఆసుపత్రి నుంచి వచ్చాక మళ్లీ చదివితే మిగతాది కనిపించింది. గాయపడినవాణ్ణి తన వాహనం మీద ఎక్కించాడు. పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్లి ఆ రాత్రి దగ్గరుండి చూసుకున్నాడు. మరునాడు ఆ ఇంటివాడికి రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. పేషెంట్ తాలూకు మనిషి చేసే పనులే ఇవన్నీ. తిరిగి వస్తానన్న మాట ఆ కథలో ఉందని నేను గమనించనే లేదు.

ఇదంతా ప్రభుత్వం చేయాల్సిన పని కదా అంటారు. నిజమే, వదలకుండా అడగాలి కూడా. పట్టణాల్లో ప్రతి లక్ష జనాభాకు కనీసం వందమంది పట్టే షెల్టర్ ఒకటి ఉండాలని 2013లో మొదలైన పట్టణ జీవనోపాధుల మిషన్ నిబంధనల్లో రాశారు. 2010లో ఢిల్లీ చలి చావుల తర్వాత సుప్రీంకోర్టు చెప్పిన లెక్క కూడా అదే. తర్వాత కలిపిన ఊళ్లతో సహా చూస్తే 2011 లెక్కల ప్రకారమే వరంగల్ నగర జనాభా ఎనిమిది లక్షలు దాటింది కాబట్టి ఇక్కడ ఎనిమిది షెల్టర్లు ఉండాలి. ఎక్కడ ఉండాలన్నది ఇంకా ముఖ్యం. స్టేషన్ దగ్గర మూటలు మోసి, రాత్రి రెండింటి రైలుకు లేచి బతికేవాడు ఊరి చివరి షెల్టర్‌కు వెళ్లడు. భార్యాభర్తలను విడదీసే చోటికి ముసలి జంట వెళ్లదు. కార్పొరేషన్ మీటింగ్‌లో ఈ సంగతులు చెప్పగలిగేది పేర్లు తెలిసినవాళ్లే. పైవాళ్లకు రోడ్డు ఖాళీగా కనిపించాలన్న తొందర ఎక్కువ. 2017 నవంబరులో విదేశీ అతిథులు వచ్చే సదస్సుకు ముందు హైదరాబాద్‌లో భిక్షగాళ్లను పట్టుకుని జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. మరుసటి ఏడాది ఢిల్లీ హైకోర్టు అక్కడ భిక్షాటనను నేరంగా చూసే సెక్షన్లను కొట్టేసింది. మన దగ్గర 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం పేరు ఇంకా వినిపిస్తూనే ఉంది.

చట్టం మనకు పనికొచ్చే చోటు కూడా ఉంది. కాజీపేట జంక్షన్‌లో సికింద్రాబాద్, విజయవాడ, బల్లార్షా లైన్లు కలుస్తాయి. మతి స్థిమితం తప్పి ఏదో రైలెక్కినవాళ్లు ఇక్కడ దిగిపోతుంటారు, భాష రాదు, ఊరు చెప్పలేరు. 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 100 ప్రకారం అలాంటి మనిషిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లో ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాల్సింది పోలీసులే. లాకప్‌లో పెట్టకూడదు. తప్పిపోయిన మనిషి అని ఎఫ్ఐఆర్ రాసి ఇంటివాళ్లను వెతకాలి. మేం పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఈ సెక్షన్ పేరు చెప్తే పని జరిగిన సందర్భాలున్నాయి. చెప్పేవాళ్లు లేకపోతే జరగదు.

అన్నీ జరిగిపోవు. ఒక ఒరియా కుర్రాడి ఊరు కనుక్కోవడానికి మాకు మూడు వారాలు పట్టింది. ఇటుక బట్టీలో పనిచేసే ఒకాయన వచ్చి ఆ భాషలో మాట్లాడితే గానీ తెలియలేదు. వాళ్లన్న బయలుదేరాడని ఫోన్ వచ్చిన రాత్రే కుర్రాడు ఇంకో రైలెక్కి వెళ్లిపోయాడు. ఆ అన్న వచ్చి ప్లాట్‌ఫారం మీద మా పక్కన కూర్చుని ఏడ్చాడు. ఏం చెప్పాలో తెలియక టీ ఇప్పించి కూర్చున్నాం.

తోడు పని చాలా మామూలుగా ఉంటుంది. టీబీ మందులు ఆరు నెలలు ఆపకుండా మింగాలి. సంచీలో గోళీలు తడిసిపోయే మనిషికి అవి ఎవరో ఒకరు దాచి రోజూ ఇవ్వాలి. అడ్రస్ లేనిదే ఆధార్ కష్టం, ఆధార్ లేనిదే 2016 రూపాయల పింఛను రాదు, పనిచేసి అరిగిపోయిన వేళ్లకు వేలిముద్ర పడదు. మీసేవ దగ్గర రెండుసార్లు వెనక్కి పంపితే ఒంటరి మనిషి మూడోసారి వెళ్లడు. పక్కన ఒకరుంటే వెళ్తాడు. పది చర్చిలు, గుళ్లు, మసీదులు తలా ఇద్దరు మనుషుల చొప్పున ఈ పనికి ఇస్తే, తలా నాలుగు వందల పొట్లాలు పంచేదాని కన్నా ఎక్కువ మేలు జరుగుతుందని గట్టిగా చెప్పగలను. డబ్బు తక్కువే అవుతుంది. సెలవులు, నిద్ర, ఓపిక మాత్రం చాలా అవుతాయి.

ఆ పెద్దాయన నెలా పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. కాలు దక్కింది. వంతులేసుకుని దగ్గరున్నాం. మూడో రోజు ఆయనే పేరు చెప్పారు, ఆ తర్వాత ఊరు. "ఇన్నొద్దులు ఎవలడిగిండ్రు, నాయనా?" అన్నారు.

మా నోట్‌బుక్‌లో ఇప్పుడు ముప్ఫై ఒక్క పేర్లున్నాయి. హన్మకొండ బస్టాండ్ దగ్గరి ఆ అవ్వకు వచ్చే బుధవారం కంటి ఆపరేషన్. ముందు రోజే అడ్మిట్ కావాలన్నారు, అటెండర్ కచ్చితంగా ఉండాలన్నారు. మంగళవారం రాత్రికి మా అక్క ఉంటుంది. బుధవారం పగలు ఎవరూ ఇంకా కుదరలేదు, టీచర్ గారికి ఫోన్ చేయాలి.