ఉపవాసమని ఉప్మా తిన్నట్టా?

మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. బయటివాళ్ళు మిలటరీ మాధవరం అంటారు, ఏ ఇంట్లో చూసినా యూనిఫాంలో దిగిన ఫోటో ఒకటుంటుంది. మా బాబాయ్ సుబేదారుగా రిటైరయ్యారు. అక్క బెంగళూరులో ఒక మానసిక రోగుల వార్డులో నర్సు. మొన్న సంక్రాంతికి రాత్రి అన్నాలయ్యాక అరుగు మీద ఇద్దరికీ వాదన పడింది. అక్క రూమ్మేటుది జడ్చర్ల, ఎంబీ చర్చి వాళ్ళు, అంటే మెన్నోనైట్లు అనే క్రైస్తవ శాఖ. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో వీళ్ళ చర్చి కుర్రాళ్ళు చాలామంది తుపాకీ ముట్టుకోం, ఇంకేదైనా పని చెప్పండి అన్నారట అని అక్క అనడమే ఆలస్యం, మొదలైంది. నేనన్న మాటలు తీసేసి రాస్తున్నా, వాటినెవరూ పట్టించుకోలేదు కాబట్టి.

బాబాయ్: యుద్ధం జరుగుతుంటే నేను రాను అన్నవాణ్ణి మేం ఏమని పిలుస్తామో పండగ పూట నా నోట చెప్పించకు తల్లీ.

అక్క: పిరికివాడనేగా. ఆ మాట వాళ్ళు అప్పుడే బోలెడుసార్లు విన్నారు. కానీ వాళ్ళేం పారిపోలేదు బాబాయ్, 1940లో కుర్రాళ్ళని సైన్యంలోకి పిలవడానికి అక్కడ వచ్చిన చట్టంలోనే ఉంది, మతం వల్ల యుద్ధం చేయలేనివాడికి మిలటరీ చేతి కింద కాకుండా దేశానికి పనికొచ్చే పని ఇంకేదైనా ఇవ్వాలని. సివిలియన్ పబ్లిక్ సర్వీస్ అని పేరు పెట్టారు, దాదాపు 12 వేల మంది చేశారు. మెన్నోనైట్లు, క్వేకర్లు, బ్రదరన్ చర్చి వాళ్ళు, అంటే యుద్ధం తప్పనే క్రైస్తవ శాఖల వాళ్ళు, క్యాంపులు నడిపారు.

బాబాయ్: ఏం పని? మొక్కలు నాటడమేనా?

అక్క: మొదట్లో చాలావరకు అదే. మొక్కలు, మట్టి కొట్టుకుపోకుండా గట్లు. మోంటానాలో అడవి అంటుకుంటే విమానంలోంచి పారాచూట్లతో దూకి ఆర్పినవాళ్ళూ ఉన్నారు. జీతం మాత్రం లేదు. పైగా నెలకి 35 డాలర్లు తిండికీ బసకీ చర్చో ఇంట్లోవాళ్ళో కట్టుకోవాలి. యుద్ధంలో పట్టుబడి అమెరికాకి వచ్చి పనిచేసిన జర్మన్ ఖైదీలకైనా రోజుకి 80 సెంట్లు ఇచ్చారు.

బాబాయ్: జీతం లేకపోతేనేం, ప్రాణముంది. ఇది విను. లిస్టులో ఒకడు పక్కకి జరిగితే ఖాళీ అలా ఉండిపోదు, వెనకున్నవాడు ముందుకొస్తాడు. వాడు ఏ నార్మండీ ఒడ్డునో పడిపోయాడనుకో, వాళ్ళమ్మ దగ్గరికెళ్ళి ఈ మొక్కల లెక్క చెప్తావా నువ్వు?

అక్క: (చాలాసేపు మాట్లాడలేదు) చెప్పలేను.

బాబాయ్: ఆఁ. అందుకే నేనంటున్నా. డెస్మండ్ డాస్ అని ఒక అమెరికా కుర్రాడుండేవాడు, అతనూ తుపాకీ ముట్టుకోనన్నవాడే, కానీ యూనిఫాం వేసుకుని మెడిక్‌గా జపాన్‌లో ఒకినావా దీవికి వెళ్ళాడు, తూటాల మధ్య డెబ్భై ఐదు మందిని కొండ మీంచి తాళ్ళు కట్టి దించాడు. 1945లో మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు, అక్కడ మిలటరీలో అన్నిటికన్నా పెద్ద పతకం. అలాంటివాడు ఎదురొస్తే నేను లేచి సెల్యూట్ కొడతా. అసలేదీ చెయ్యను, జైల్లో పెట్టుకోండి అన్నవాళ్ళు లేరా?

అక్క: ఆరు వేల మంది దాకా ఉన్నారు. ఎక్కువమంది యెహోవా సాక్షులు.

బాబాయ్: నచ్చకపోయినా వాళ్ళూ నాకు అర్థమవుతారు, వద్దంటే వద్దనే అన్నారు. నీ మధ్యరకం వాళ్ళే అర్థం కారు. యుద్ధం తప్పంటారు, అదే యుద్ధం నడిపే సర్కారు రమ్మన్న చోటికి వెళ్ళి చెప్పిన పని చేస్తారు. ఉపవాసమని ఉప్మా తిన్నట్టు!

(ఇక్కడ లోపల్నుంచి పిన్ని నవ్వింది. ఆవిడ ఏకాదశి సంగతి మాకందరికీ తెలుసు.)

అక్క: ఆ ఉప్మా ఏంటో చెప్తా వినండి. పిచ్చాసుపత్రుల్లో పనిచేసేవాళ్ళు సైన్యానికో, ఎక్కువ జీతమిచ్చే ఫ్యాక్టరీలకో వెళ్ళిపోయారు. ఆ ఖాళీల్లో దాదాపు మూడు వేల మంది ఈ కుర్రాళ్ళని వేశారు. ఫిలడెల్ఫియాలో బైబెర్రీ అని ఒకటుండేది. ఒంటి మీద గుడ్డ లేని మగవాళ్ళు సిమెంటు నేల మీద, గోడ వారన వరసగా, మలమూత్రాల్లో కూర్చుని ఉండేవాళ్ళు, వందల మందికి ఒకరో ఇద్దరో అటెండెంట్లు. పాత అటెండెంట్లలో కొందరు తడి తువ్వాలు మెడకి మెలిపెట్టి రోగుల్ని దారికి తెచ్చేవాళ్ళు, దెబ్బ కనపడదు కదా. ఈ కుర్రాళ్ళలో చార్లెస్ లార్డ్ అనే అతను కోటులో కెమెరా దాచుకెళ్ళి ఫోటోలు తీశాడు. 1946 మేలో లైఫ్ పత్రికలో వచ్చాయి, దేశమంతా గోల. జైలుకెళ్ళినవాడు ఆ ఫోటో తీయగలిగేవాడు కాదు బాబాయ్, ఒకినావా వెళ్ళినవాడూ తీయలేడు.

బాబాయ్: తర్వాత ఆ ఆసుపత్రి మూసేశారా?

అక్క: మూసేశారు... 1990లో.

బాబాయ్: (వేళ్ళ మీద లెక్కపెడుతూ) నలభై నాలుగేళ్ళు. భేష్.

అక్క: వెటకారం వద్దు. తిండి సంగతి వినండి. 1945లో మిన్నెసోటా యూనివర్సిటీలో ముప్పై ఆరు మందిని ఆరు నెలలు సగం ఆకలితో ఉంచారు, యుద్ధం అయ్యాక యూరప్‌లో మాడిపోయినవాళ్ళని ఎలా బాగుచేయాలో తెలుసుకోవడానికి. అందరూ ఈ సర్వీసువాళ్ళే, అడిగితే తామే ముందుకొచ్చినవాళ్ళు. రోజుకి రెండు పూటలు, బంగాళదుంపలు, బ్రెడ్డు, మాకరోనీ లాంటివి. వారానికి 22 మైళ్ళు నడవాలి. ఒంట్లో పావు వంతు బరువు పోయింది. కంచాలు నాకేవాళ్ళు, వంటల పుస్తకాలు దాచుకుని చదివేవాళ్ళు, ఒకతను గొడ్డలితో తన చేతి వేళ్ళు మూడు నరుక్కున్నాడు. కావాలని చేశాడో పొరపాటున జరిగిందో అతనికే తెలియదట. దీన్ని కూడా ప్రాణం మీదకి రాని పనంటారా?

బాబాయ్: ఆకలి చూడ్డానికి ప్రయోగం ఎందుకమ్మా! 1943లో బెంగాల్లో 30 లక్షల మంది పోయారు, వచ్చి చూస్తే సరిపోయేది కదా.

అక్క: వచ్చారు. క్వేకర్ల ఫ్రెండ్స్ ఆంబులెన్స్ యూనిట్ అని బ్రిటన్ నుంచి, వాళ్ళూ యుద్ధానికి రామని చెప్పినవాళ్ళే. 1942 నుంచి కలకత్తాలో ఉన్నారు, మిడ్నపూర్ తుపానుకీ కరువుకీ సాయం చేశారు.

(బాబాయ్‌కి ఇది తెలియదు. చుట్ట వెలిగించుకునే వంకతో కాస్త టైం తీసుకున్నారు.)

బాబాయ్: మరి మీ గాంధీగారు 1918లో ఖేడాలో సైన్యంలో చేరండని ఊరూరూ తిరిగారే?

అక్క: తిరిగారు, పెద్దగా ఎవరూ చేరలేదు. 1940కి వచ్చేసరికి యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడమని మొదట వినోబాని పంపింది కూడా ఆయనే.

బాబాయ్: అదే యుద్ధానికి మన ఊరోళ్ళు వెళ్ళారు. ఊళ్ళో స్తూపం ఊరికే కట్టలేదు. సరే, ఒక్కటి చెప్పు. ఎవడో నీ మీదకొచ్చాడు, చేతిలో ఇనప కడ్డీ. అప్పుడేం చేస్తారు మీ శాంతివాళ్ళు?

అక్క: అప్పుడు అమెరికాలో సైన్యంలోకి పిలిచే బోర్డు ముందు ఆ కుర్రాళ్ళని కూర్చోబెట్టి అడిగిన ప్రశ్న కూడా ఇలాంటిదే, మీ నాయనమ్మ మీదకి ఎవడైనా వస్తే అని. వార్డులో అది వట్టి ప్రశ్న కాదు బాబాయ్, రోజూ జరిగేది. కిందటి నెల ఒకతను సెలైన్ స్టాండు పీకి ఎత్తాడు. నేను వెనక్కి తగ్గలేదు, దగ్గరికీ వెళ్ళలేదు, చేతులు కనపడేట్టు పెట్టుకుని భోజనం తిన్నారా అని అడిగా. మళ్ళీ అడిగా. ఎంతసేపో తెలియదు, చెమటకి చెప్పులు జారుతున్నాయి. దించాడు.

బాబాయ్: దించకపోతే?

అక్క: తగిలేది.

బాబాయ్: వాడు జబ్బు మనిషి. నిన్ను చంపమని ట్రైనింగిచ్చి పంపలేదు వాణ్ణి. బోర్డర్లో అన్నం తిన్నావా అంటే కుదరదు.

అక్క: కుదురుతుందని నేనెక్కడన్నాను?

బాబాయ్: అనలేదు... అవున్లే. ఇంతకీ రాత్రి డ్యూటీలో ఎంతమంది రోగులు మీకు?

అక్క: నలభై మంది. మేం ఇద్దరం.

బాబాయ్: ఇద్దరేనా? రిలీఫ్ ఎన్నింటికి?

అక్క: పొద్దున్న ఎనిమిదికి.

బాబాయ్: మధ్యలో ఎవరూ రారా? సెంట్రీకి కూడా రెండు గంటలకొకసారి మారుస్తాం కదమ్మా మేం. (పిన్నిని కేకేసి దుప్పటి తెమ్మన్నారు, అక్కకి.) నీతో నేను ఒప్పుకోలేదు, గుర్తుంచుకో. ఆ స్టాండు సంగతి మీ నాన్నకి చెప్పావా?