నాన్నని కార్లో కూర్చోబెట్టి కొండెక్కకండి

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లందరికీ ఓ మాట చెప్పాలి. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, కొండలూ సరస్సులూ ఉండే లేక్ డిస్ట్రిక్ట్ అనగానే స్కాఫెల్ పైక్ అనేస్తాం. 978 మీటర్లు, ఇంగ్లండ్ మొత్తంలో ఎత్తైన కొండ, పైన గ్రూప్ ఫొటో. పోయినేడు నేనూ అదే చేశాను. మోకాళ్ల నొప్పులున్న నాన్నని కింద పార్కింగ్‌లో కార్లో కూర్చోబెట్టి, ఫ్లాస్కులో టీ పోసిచ్చి, ఆరు గంటలు వదిలేసి వెళ్లాను. పైన చూసింది మబ్బు. పక్కనున్న మనిషే సరిగ్గా కనిపించలేదు. దిగొచ్చాక నాన్న ఏమీ అనలేదు. "బాగా ఎక్కారా?" అని మాత్రం అడిగారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఈ ఆగస్టులో అమ్మానాన్నల్ని బిన్సీ అనే చిన్న కొండకి తీసుకెళ్లాను. 447 మీటర్లే. లేక్ డిస్ట్రిక్ట్‌కి ఉత్తరపు కొసన, మిగతా కొండల్లో కలవకుండా ఒంటరిగా ఉంటుంది. బండలు పాకే పని లేదు. గేటు దాటితే గడ్డి దారి, తర్వాత రెండు పక్కలా హెదర్ అనే పూల పొదలు. మామూలుగా గంట కూడా పట్టదు. మేం ఆగి ఆగి గంటన్నర నడిచాం.

హెదర్‌ని ఫొటోల్లో చూసి మెత్తటి పూలతోట అనుకుంటాం. నాన్న వంగి ఓ రెమ్మ పట్టుకుని, "ఇది కంపరా, పొయ్యిలోకి పనికొస్తుంది" అన్నారు. నిజమే, కాడ పుల్లలా గట్టిగా ఉంటుంది. దాని నిండా బియ్యపు గింజంత పూలు. ఒక్కో పువ్వూ లేత ఊదా, కొండంతా కలిస్తే వంగపండు రంగు. తేనెటీగల రొద. "ఎవరో పట్టుచీర ఆరేసినట్టుంది" అంటూ అమ్మ అక్కడే కూర్చుండిపోయింది.

పైన ఓ రాళ్ల గుట్ట, కంచు యుగం నాటి సమాధి దిబ్బ. అక్కడ నిలబడితే ఎదురుగా 931 మీటర్ల స్కిడా కొండ నిండుగా కనిపిస్తుంది. కింద బాసెన్‌త్వెయిట్ సరస్సు. వెనక్కి తిరిగితే సోల్వే సముద్రపు పాయ, దాని అవతల స్కాట్లండ్ కొండలు. స్కిడా ఎక్కినవాళ్లకి స్కిడా కనిపించదు కదా! పెద్ద కొండల తలలు మబ్బులో మునిగిన రోజు కూడా చాలాసార్లు ఈ పొట్టి కొండ బయటే ఉంటుంది.

"పోయినేడు నువ్వెక్కింది ఏదిరా?" అని అడిగారు నాన్న. ఆ వరసల వెనకాల ఎక్కడో అని దక్షిణంగా చెయ్యి చూపించాను. చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డారు.

ఫొటోలు పెడితే "ఇదీ ఓ కొండేనా" అన్నారు గ్రూప్‌లో. అవును, కొండే. డెబ్బై ఏళ్ల మనిషి తన కాళ్లతో ఎక్కి, చుట్టూ చూసి, తృప్తిగా దిగాడు. మీటర్లు లెక్కపెట్టేవాళ్లకి ఇంకేం కావాలో నాకు తెలియదు.

హెదర్ సెప్టెంబర్‌లో వాడిపోతుంది. అమ్మానాన్నలు ఇంకా ఇక్కడే ఉంటే ఈ శనివారమే తీసుకెళ్లండి. పైన గాలి గట్టిగా కొడుతుంది, చెవులకి మఫ్లర్ మర్చిపోవద్దు. బార్బెక్యూలు మాత్రం అసలు పట్టుకెళ్లకండి, ఎండిన ఆ కంప అంటుకుంటే ఆర్పడం మన వల్ల కాదు.